శాంతివాదము – అభయవ్రతము

ప్రపంచమునందు శాంతిని కీర్తింపని మతము లేదు. అయినను ఆయా మతముల పేరనే, ఆయా గ్రంథముల ప్రమాణముతోనే యుద్ధములు జరిగినవనుటకు చరిత్ర సాక్షి. ఒకే గ్రంథమును చేతబట్టి ఒకడు ఖడ్గమును విడువుమని బోధించును. మరియొకడు దానినే చేతబట్టి ఖడ్గమును ధరింపుమని బోధించును. భగవద్గీతకును ఈ గతి తప్పలేదు. లోకమాన్య బాలగంగాధర తిలకు 1915లో వెలువడిన తన 'గీతారహస్యము'న దానిని కర్మయోగశాస్త్రముగా వ్యాఖ్యానించి, లోకసంగ్రహార్థమై నిష్కామబుద్ధితో చేయు స్వధర్మమున యుద్ధమును చేరునని ప్రతిపాదించెను. మహాత్మా గాంధి అదే గీతను 1930లో 'అనాసక్తియోగ'మను పేర గుజరాతీ భాషలో ప్రకటించి, కురుక్షేత్రము మానవహృదయమందే కలదనియు, ఫలాసక్తిని సంపూర్ణముగా విడిచినవాడు హింస చేయజాలడనియు తెలిపెను. ఇరువురును గీతను జీవితమునకు దీపముగా నుంచుకొన్నవారే. మరి సాధకుడు ఎవరి మాట వినవలెను?

ఈ ప్రశ్నను పండితగోష్ఠులకు వదలివేయుటకు వీలులేదు. యుద్ధము వచ్చినపుడు గృహస్థుని కుమారుడు సైన్యముతో సరిహద్దునకు పోవలసియుండును. తల్లి జపమాలను పట్టుకొని వాని క్షేమమునకై ప్రార్థించును. ఆ క్షణముననే సరిహద్దు కావల మరియొక తల్లి, మరియొక నామముతో, అదే ప్రార్థన చేయుచుండును. ఇరువురి మొరలును చేరునది ఒక్క పరమేశ్వరుని యొద్దకే. భగవంతుడు సర్వభూతములయందు ఉన్నాడని ఉదయమున పఠించి, సాయంకాలమున శత్రుసంహార వార్తకు సంతోషించువాడు తన రెండు మాటలలో ఏది నిజమో తేల్చుకొనక తప్పదు.

పాశ్చాత్యులు 'పాసిఫిజమ్' అని వ్యవహరించు భావమునకు తెలుగున శాంతివాదమని పేరు. పేరు కొత్తది, ఇరువదవ శతాబ్దపు ఆరంభమున వ్యాప్తిలోనికి వచ్చినది. భావము మాత్రము ప్రాచీనము. ఇంగ్లండునందలి క్వేకరులు 1660లోనే, తాము ఏ కారణముచేతను ఆయుధము పట్టబోమని రెండవ ఛార్లెసు రాజునకు విన్నవించుకొనిరి. అంతకు రెండువేల సంవత్సరములకు పూర్వమే బుద్ధ భగవానుడును, వర్ధమాన మహావీరుడును ఈ దేశమున అహింసను బోధించియుండిరి. 'యుద్ధము వలదు' అను మాట ఎల్లెడల ఒక్కటే. కాని ఆ మాట పుట్టుచోట్లు అనేకములు. భయము నుండి అది పుట్టవచ్చును. సోమరితనము నుండి పుట్టవచ్చును. తనవారియందలి మమకారము నుండి పుట్టవచ్చును. సర్వభూతదయ నుండియు పుట్టవచ్చును. మాటను మాత్రమే చూచువాడు ఈ నాలుగింటిని ఒక్కటిగా నెంచును. ఆత్మవిద్య మాటను గాక దాని మూలమును పరీక్షించును.

అర్జునుడు వలదన్నదేమి?

గీతారంభమున అర్జునుడు పలికిన పలుకులు వినుటకు శాంతివాది పలుకులవలెనే యుండును. రాజ్యము వలదనెను, భిక్షాన్నము మేలనెను, యుద్ధమువలన కులధర్మములు నశించునని హెచ్చరించెను. ఈ వాదములలో అసత్యము లేదు. యుద్ధానంతరము హస్తినాపురమున మిగిలిన శ్మశానశాంతిని తలచినచో, అతడు చెప్పినదంతయు జరిగినదనియే ఒప్పుకొనవలెను. అయినను శ్రీకృష్ణుడు వానిని మెచ్చుకొనలేదు. హృదయదౌర్బల్యమని గద్దించెను. ఏల?

ఖాండవవనము దహింపబడునాడు అర్జునుని చేయి వణకలేదు. నివాతకవచులను వేలకొలదిగ కూల్చునపుడు గాండీవము జారలేదు. కురుక్షేత్రమున జారెను, ఏలయన అచ్చట ఎదుట నిలిచినవారు తాతలు, గురువులు, సోదరులు. అతడు మాటిమాటికి వాడిన పదము 'స్వజనము'. చంపుట పాపమని గాక, తనవారిని చంపుట పాపమని అతని శోకము పలికెను. శత్రువు పరుడైనపుడు లేని కరుణ, శత్రువు బంధువైనపుడు మేల్కొనెను. శ్రీకృష్ణుడు ఖండించినది కరుణను కాదు; కరుణవేషము ధరించిన మమకారమును. నేటి లోకమున ఈ మమకారమునకు మరియొక రూపము కలదు. పరదేశము చేయు యుద్ధమును దురాక్రమణమనియు, స్వదేశము చేయు యుద్ధమును, దాని న్యాయాన్యాయములను విచారింపకయే, ధర్మయుద్ధమనియు పలుకువాడు అర్జునుని భ్రమనే తలక్రిందుగా ధరించుచున్నాడు.

శ్రీకృష్ణుడు యుద్ధప్రియుడని తలచువారు ఉద్యోగపర్వమును మరల చదువవలెను. రాయబార ఘట్టము తెలుగువారికి మిక్కిలి పరిచితము. తిక్కన సోమయాజి దానిని తెనుగు చేసెను. తిరుపతి వేంకట కవుల నాటకములు దానిని పల్లెపల్లెకును కొనిపోయెను. ఆ పద్యముల పౌరుషమునకు పులకించిన శ్రోతలెందరో కలరు. ఆ రాయబారపు తాత్పర్యమును చింతించినవారు తక్కువ. అర్ధరాజ్యమునకు అర్హులైనవారు అయిదూళ్ళతో తృప్తిపడుటకు సిద్ధపడిరి. దుర్యోధనుడు సూదిమొన మోపునంత నేలయు ఈయననెను. సంధి పొసగుట దుర్లభమని తెలిసియు శ్రీకృష్ణుడు స్వయముగా బయలుదేరెను. తెలిసియు ఏల పోవలెనని విదురుడు శంకింపగా, శక్తికొలది ధర్మమునకై యత్నించి విఫలుడైనవాడును ఆ ధర్మఫలమును పొందునని ఆయన సమాధానము. శాంతికై సమస్త ప్రయత్నమును చేయుట, అవమానమును సైతము సహించుట, ఫలింపదని తోచినను మానకుండుట — గీతోపదేశమునకు పూర్వము ఆచార్యుడు ఆచరించి చూపినది ఇది. పిమ్మట సంగ్రామమున సారథియై నిలిచినపుడును ఆయుధము పట్టనని ఆయన ప్రతిన.

యుద్ధము చేయుమని అర్జునునకు చెప్పినపుడును ఆయన ఒక నియమమును జోడించెను: జ్వరము విడిచి చేయుమనెను. యుద్ధకాలమున దేశములను పట్టుకొను ఉద్రేకమునకు ఇంతకంటె తగిన పేరు లేదు. వీధులలో కేకలు, శత్రుజాతి నంతటిని రాక్షసులుగా చిత్రించు వ్రాతలు, ప్రతీకారమునకై తహతహ — ఇవన్నియు ఆ జ్వరలక్షణములే. గీతను యుద్ధమునకు ప్రమాణముగా చూపువాడు ముందుగా తన నాడిని తాను పరీక్షించుకొనవలెను. జ్వరమున్నంతవరకు గీత వానికి అనుజ్ఞ నీయలేదు.

మూడు మెట్లు

స్వామి వివేకానందులు 1895–96 సంవత్సరములలో న్యూయార్కు నగరమున కర్మయోగమును గూర్చి ఉపన్యసించుచు ఈ చిక్కును విడదీసిరి. అప్రతిఘటనమే పరమాదర్శమని ఆయన ఒప్పుకొనిరి. కాని ప్రతిఘటింపగల బలము లేనివాడు ప్రతిఘటింపకుండుట పుణ్యము కాదనియు, బలముండియు విడుచుటయే త్యాగమనియు స్పష్టము చేసిరి. రాజ్యము కలవాడు కనుకనే బుద్ధుడు దానిని త్యజించెను. ఏమియు లేనివాడు దేనిని త్యజించును? తమస్సును సత్త్వమని భ్రమించుట ఆధ్యాత్మిక మార్గమున పెద్ద అపాయము. రెండును చూపునకు నిశ్చలములే. ఒకటి రాయి యొక్క నిశ్చలత. మరియొకటి దీపము యొక్క నిశ్చలత.

కావున మెట్లు మూడు. భయముచే పోరాడనివాడు క్రింది మెట్టున కలడు. ధర్మరక్షణకై ప్రాణములకు తెగించి పోరాడువాడు వానికంటె పైన కలడు. పోరాడగలిగియు, ప్రాణములకు తెగించియు, ద్వేషము లేక ఆయుధమును విడిచినవాడు అందరికంటె పైన కలడు. మొదటివాడు మూడవవాని మాటలు వల్లించి తన్ను తాను మోసగించుకొనరాదు. అట్లే రెండవవాడు తన మెట్టే చివరిదని గర్వింపరాదు. మహాత్మా గాంధియు 1920లో తన 'యంగ్ ఇండియా' పత్రికలో, పిరికితనము హింస అను రెండే మార్గములున్నచో హింసనే కోరుకొందునని వ్రాసెను. అట్లు వ్రాసిన వెంటనే, అహింస హింసకంటె అనంతముగా శ్రేష్ఠమనియు వ్రాసెను. మొదటి వాక్యమును మాత్రమే ఉదాహరించువారు రెండవ మెట్టుననే ఆగిపోయినవారు.

పరమహంస చెప్పిన సర్పము కథకును ఇదే గతి పట్టినది. బ్రహ్మచారి ఉపదేశమున కాటువేయుట మానిన పామును గొల్లపిల్లలు తోకపట్టి నేలకు కొట్టిరి. కాటువేయవలదంటిని గాని బుసకొట్టవలదనలేదు గదా యని గురువు దానిని మందలించెను. ఈ కథను చెప్పువారు బుసయొద్దనే కథను ముగింతురు. బుసకొట్టుటకు అనుజ్ఞ పొందిన సర్పము అంతకుముందే మంత్రోపదేశము పొందినది; విషము నెవరిమీదను ప్రయోగింపక, ఆకులలములు తిని బ్రదికినది; తన్ను కొట్టినవారిమీద కోపమును మరచినది. పరమహంస ఆ పామునకు బుస నేర్పుటకు ముందు క్షమను నేర్పించెను. క్షమ యబ్బని పాము బుసకొట్టిన, దాని వెనుక కాటు తప్పదు. దేశములు తమ సైన్యములు ఆత్మరక్షణకే యని చెప్పుకొనునపుడు ఈ కథలోని పూర్వార్ధమును సైతము తమకు అన్వయించుకొనవలెను.

మూడవ మెట్టు ఋషులకే గాని మానవులకు సాధ్యము కాదని కొందరందురు. వాయవ్య సరిహద్దు రాష్ట్రమునందలి పఠానుల చరిత్ర దీనికి సమాధానము. తుపాకి చేతిలో లేనిదే ఇల్లు వెడలని జాతియనియు, పగను తరతరములకును విడువని జాతియనియు పేరు పొందినవారు వారు. అట్టి వారినుండి ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ 1929లో ఖుదాయీ ఖిద్మత్‌గారులను సేవాదళమును నిర్మించెను. దైవసేవకులని ఆ పేరునకు అర్థము. ఆయుధము పట్టము, పగ తీర్చుకొనము అని వారు ప్రమాణము చేసిరి. 1930 ఏప్రిలు 23వ తేదీన పెషావరులోని కిస్సాఖానీ బజారునందు వారిపైనను, నిరాయుధులైన ప్రజలపైనను ప్రభుత్వము కాల్పులు జరిపించెను. పలువురు మడిసిరి. పఠానులు మాత్రము ఆయుధమునకు చేయిచాపలేదు. ఆ సమయముననే గఢ్వాలు రైఫిల్సు దళమునకు చెందిన సైనికులు, చంద్రసింగు గఢ్వాలీ నాయకత్వమున, నిరాయుధులపై కాల్పమని తుపాకులను దించిరి. ఆయనకు యావజ్జీవ కారాగారశిక్ష పడెను. ఎదుటివారు ముసల్మానులు, ఆ సైనికులు హిందువులు. స్వజనమను మమకారమునకు ఆ నిరాకరణమున తావు లేదు. అర్జునునకు లేని శుద్ధి ఆ సామాన్య సైనికుల నిరాకరణమున కలదనుట సాహసము కాజాలదు.

హింసకు మూడు చేతులు

పైని చెప్పినదంతయు యుద్ధభూమిన నిలిచినవారిని గూర్చినది. ఇంటియొద్దనుండు కోట్లకొలది జనులకు యుద్ధముతో సంబంధమేమి? ఈ విషయమున పతంజలి మహర్షి యోగసూత్రములు చేసిన విభాగము మిక్కిలి మననీయము. హింస మూడు విధములని ఆయన నిర్ణయించెను: తాను చేసినది, ఇతరులచే చేయించినది, ఇతరులు చేయగా ఆమోదించినది. కృతము, కారితము, అనుమోదితము అని వాని పేర్లు. ఇవి లోభమువలన గాని, క్రోధమువలన గాని, మోహమువలన గాని కలుగును. మూడింటికిని ఫలము దుఃఖమును అజ్ఞానమునే యని సూత్రకారుని తీర్పు. చేసినవానికి శిక్షయనియు, ఆమోదించినవానికి విడుదలయనియు ఆయన చెప్పలేదు.

యుద్ధమును ఈ వెలుగున చూడవలెను. ఆయుధము ప్రయోగించు చేతులు కొన్ని మాత్రమే. ప్రయోగింపుమని ఆజ్ఞాపించు నోళ్ళు అంతకంటెను తక్కువ. ఆమోదించు హృదయములు మాత్రము లెక్కకు మించినవి. ఆ ఆమోదమే లేకున్న ఏ రాజును, ఏ ప్రభుత్వమును దీర్ఘకాలము యుద్ధము సాగింపజాలదు. ఉదయమున వార్తాపత్రికను విప్పి శత్రుపక్షమున మడిసినవారి సంఖ్యను చూచి సంతోషించువాడు, దూరదర్శినిలో అగ్నిజ్వాలలను చూచి చప్పట్లు చరచువాడు, తాను చీమకైనను హాని చేయలేదని తలచుచుండవచ్చును. పతంజలి లెక్కలో వాని పేరు వ్రాయబడియే యున్నది. ద్యూతసభలో ద్రౌపది పరాభవమును చూచుచు మిన్నకుండిన పెద్దలు చేతులతో ఏ పాపమును చేయలేదు. కురుక్షేత్రమునకు తొలి విత్తనము పడినది వారి మౌనమందే.

వ్యాసభాష్యము మరియొక సూక్ష్మమును చూపుచున్నది. చేపలను మాత్రమే చంపి ఇతర ప్రాణులను చంపని బెస్తవానిది జాతిచే పరిమితమైన అహింస. యుద్ధమున మాత్రమే చంపి, ఇతరత్ర చంపని క్షత్రియునిది సమయముచే పరిమితమైన అహింస. ఇట్టి పరిమితులేవియు లేక, సర్వదా సర్వత్ర పాటింపబడునదే మహావ్రతము. భాష్యకారుడు క్షత్రియుని నిందింపలేదు. వానిదియు వ్రతమేయని అంగీకరించెను. కాని అది పూర్ణవ్రతము కాదని దాచలేదు. దేశరక్షణకై నిలిచిన సైనికుని గౌరవించుటకును, యుద్ధమునే ఆరాధించుటకును గల భేదము ఇందు స్పష్టముగ కలదు. మొదటిది ధర్మము, రెండవది పరిమితిని పరమార్థమని పొరబడుట.

ఆమోదమును నిరాకరించుట యెంత కఠినమో రొమా రొలా జీవితము తెలుపును. శ్రీరామకృష్ణుల చరిత్రను 1929లోను, వివేకానందుల చరిత్రను 1930లోను ప్రకటించి పాశ్చాత్యలోకమునకు వారిని పరిచయము చేసిన ఫ్రెంచి మహారచయిత ఆయన. 1914లో మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమైనపుడు ఆయన స్విట్జర్లాండులో నుండెను. ఇరుపక్షముల కవులు, తత్త్వవేత్తలు, మతాచార్యులు తమ తమ సైన్యములను దీవించి, శత్రుజాతిని నిందించుటలో పోటీ పడుచుండిరి. ఆ సెప్టెంబరు మాసమున ఆయన జెనీవా పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. సంకులసమరమునకు పైన నిలువవలెనని దాని పేరే పలుకుచున్నది. ఆయన తప్పుపట్టినది కందకములలోని యువకులను కాదు. వారిని ద్వేషమున ముంచిన మేధావులను. పతంజలి పదముననే చెప్పవలెనన్న, అనుమోదితమును ఖండించెను. ఫలముగ స్వదేశమున ద్రోహియను నింద వచ్చినది. చిరకాల మిత్రులు దూరమైరి.

ఆయన వ్రాతతో ఆగలేదు. జెనీవాలోని రెడ్‌క్రాసు యుద్ధఖైదీల కార్యాలయమున నెలల తరబడి స్వచ్ఛంద సేవకుడై, తప్పిపోయిన కుమారులకై వెదకు తల్లిదండ్రుల ఉత్తరములకు జవాబులు వ్రాసెను. ఫ్రెంచి తల్లియైనను, జర్మను తల్లియైనను ఆయనకు ఒక్కటే. తరువాతి కాలమున, అనగా 1930 పిదప, ఫాసిస్టు ప్రభుత్వములు విజృంభించుట చూచి, దుర్మార్గమునకు ప్రతిఘటన అవసరమను నిశ్చయమునకు ఆయన వచ్చెను. ఇది పూర్వపు ఆదర్శమును త్యజించుటయని కొందరనిరి. కాని ఆయన రెండు కాలములందును నిరాకరించినది ఒక్కటే: ఒక జాతినంతటిని ద్వేషించుట. మెట్టు మారియుండవచ్చును, హృదయము మారలేదు.

అస్త్రమును మరలించుకొనువాడు

ధర్మయుద్ధమను మాట నేటికిని వినబడుచున్నది. కురుక్షేత్ర సంగ్రామమునకు పూర్వము ఇరుపక్షములును నియమములు చేసికొనిరి. ఆయుధము విడిచినవానిని, వెన్నిచ్చినవానిని, పోరునుండి తొలగినవానిని కొట్టరాదనిరి. రథికుడు రథికునితోనే పోరవలెననిరి. పదునెనిమిది దినములలో ఆ నియమములకు ఏమి గతి పట్టెనో వ్యాసుడు దాచలేదు. బాలుడైన అభిమన్యుని పలువురు చుట్టుముట్టి చంపిరి. ద్రోణుడు అర్ధసత్యమున కూలెను. కర్ణుడు రథచక్రము క్రుంగిన వేళ హతుడయ్యెను. దుర్యోధనుని తొడలు విరుగగొట్టబడెను. చివరకు అర్ధరాత్రమున నిద్రించువారిని అశ్వత్థామ వధించెను. పదునెనిమిది అక్షౌహిణులలో మిగిలిన వీరులు పదిమంది మాత్రమే. సాక్షాత్తు భగవంతుడు సారథిగానున్న యుద్ధముననే నియమము నిలువలేదు; ఇతర యుద్ధముల మాట చెప్పనేల?

అటుపిమ్మటి ఘట్టము ఈ కాలమునకే చెప్పబడినట్లున్నది. పాండవులు తరుముకొని రాగా అశ్వత్థామ ఒక గడ్డిపోచను అభిమంత్రించి, పాండవ వంశమంతయు నశించుగాక యని బ్రహ్మశిరోనామకాస్త్రమును విడిచెను. శ్రీకృష్ణుని ఆజ్ఞచే అర్జునుడును అదే అస్త్రమును విడిచెను. విడుచునపుడు అతడు చేసిన సంకల్పము వేరు: తొలుత ఆచార్యపుత్రునకు, పిమ్మట తనకును సోదరులకును శుభమగుగాక, అస్త్రముచే అస్త్రము శాంతించుగాక యని తలచెను. రెండు అగ్నులు లోకమును దహింపబోగా వ్యాసనారదులు నడుమ నిలిచి, అస్త్రములను మరలించుకొనుడని శాసించిరి. అర్జునుడు మరలించుకొనగలిగెను; ఏలయన అతడు సత్యవ్రతుడు, బ్రహ్మచర్య నిష్ఠుడు. అశ్వత్థామ మరలించుకొనజాలకపోయెను. విడుచు విద్య అతనికి తెలియును. మరలించు శీలము అతనికి లేదు. ఆ అస్త్రము తుదకు గర్భస్థ శిశువుపై పడెను.

1945 ఆగస్టు 6న హిరోషిమాపైనను, 9న నాగసాకిపైనను అణుబాంబులు పడెను. ఆ బాంబు నిర్మాణమునకు నాయకత్వము వహించిన శాస్త్రజ్ఞుడు రాబర్టు ఓపెన్‌హైమరు, అదే సంవత్సరము జూలై 16న న్యూమెక్సికో ఎడారిలో జరిగిన తొలి ప్రయోగవేళ గీతలోని విశ్వరూప ఘట్టము తనకు స్మృతికి వచ్చెనని తరువాత చెప్పెను. పదునొకండవ అధ్యాయము స్మృతికి వచ్చుట గొప్పయే. కాని లోకమునకు కావలసినది పదునారవ అధ్యాయము ఆచరణకు వచ్చుట. అందు దైవీసంపదను లెక్కించుచు భగవానుడు మొట్టమొదట అభయమును పేర్కొనెను. ఆ వెనుక అహింసను, సత్యమును, అక్రోధమును చెప్పెను. అభయము లేనిచోట అహింస నిలువదని ఆ క్రమమే సూచించుచున్నది. నేడు తొమ్మిది దేశములయొద్ద అణ్వస్త్రములు కలవు. అవి యన్నియు భయమునుండియే పుట్టినవి. ఒకరి భయము మరియొకరి భయమునకు ఆహారమైనది. విడుచు విద్య వృద్ధిపొందినంతగా, మరలించు శీలము వృద్ధిపొందలేదు. ఆ శీలమును ఒప్పందపత్రములు కొంతవరకు కాపాడును. పుట్టించునది మాత్రము మనోనిగ్రహమొక్కటే.

విజేత కార్చిన కన్నీరు

ఓడినవాడు యుద్ధమును నిందించుట సహజము. గెలిచినవాడు నిందించుట అరుదు. అందుచేతనే అశోకుని పదుమూడవ శిలాశాసనమునకు ప్రపంచచరిత్రలో ప్రత్యేకస్థానము కలదు. పట్టాభిషిక్తుడైన ఎనిమిది సంవత్సరములకు అతడు కళింగమును జయించెను. లక్షయేబదివేలమంది చెరగొనిపోబడిరనియు, లక్షమంది హతులైరనియు, అంతకు పెక్కురెట్లు మరణించిరనియు అతడే చెక్కించెను. రాజులు తాము చంపినవారి సంఖ్యను కీర్తికొరకు చెక్కింతురు. ఈ రాజు పశ్చాత్తాపమునకై చెక్కించెను. తమకు గాయము తగులకున్నను, తమ ప్రియులకు కలిగిన ఆపదచే దుఃఖించు గృహస్థులను, శ్రమణులను, బ్రాహ్మణులను సైతము అతడు లెక్కలోనికి తీసికొనెను. ఈ పదునాలుగు శాసనముల ప్రతి ఆంధ్రదేశమున కర్నూలు జిల్లాలోని ఎర్రగుడియొద్ద బండలపై నేటికిని కలదు. కళింగముననే గల ధౌలి, జౌగడ శిలలపై మాత్రము ఈ శాసనమునకు బదులు మరియొకటి కనబడును. అందు ప్రజలందరు తన బిడ్డలని రాజు పలికెను.

అశోకుడు పూర్ణశాంతివాది కాడు. కళింగమును తిరిగి ఈయలేదు. అటవికులను గూర్చి చెప్పుచు, క్షమింపదగినంతవరకు క్షమింతుననియు, పశ్చాత్తప్తుడైనను తనకు శక్తి కలదనియు హెచ్చరించెను. ఈ లోపములను దాచుట అవసరము కాదు. రాజ్యభారము మోయుచు ఒక మనుష్యుడు ఒక మెట్టునుండి పై మెట్టునకు ఎక్కుటకు చేసిన ప్రయత్నము అది. పుత్రపౌత్రులు కొత్త విజయములను కోరవలదనియు, కోరినచో ధర్మవిజయమునే విజయముగా నెంచవలెననియు అతడు శాసించెను. అతని సామ్రాజ్యము కొలది తరములకే కూలిపోయెను. అతడు పంపిన ధర్మదూతల వాక్కు సింహళమునందును, ఇతర దేశములందును రెండువేల సంవత్సరములకు పైగా నిలిచియున్నది. ఏది విజయమో కాలమే తేల్చినది.

సాధకుని కర్తవ్యము

శాంతివాదము అభిప్రాయము కాదు, వ్రతము. వ్రతమునకు మూల్యము చెల్లింపవలెను. 1916లో బ్రిటను నిర్బంధ సైనికసేవను విధించినపుడు ఆయుధము పట్టమని మనస్సాక్షి పేర నిరాకరించినవారు వేలకొలది కలరు. వారిలో ముప్పదియయిదుగురిని ఫ్రాన్సునకు కొనిపోయి సైనిక న్యాయస్థానము మరణదండన విధించెను. పిదప దానిని పదేండ్ల కఠినశిక్షగా తగ్గించిరి. మరణదండన చదివి వినిపించుచుండగా నిలిచియున్నవాని నిరాకరణమును ఎవ్వరును పిరికితనమనజాలరు. మరికొందరు తుపాకి పట్టక, డోలీలు పట్టి, గాయపడినవారిని గుండ్లవర్షమున మోసికొనివచ్చిరి. 1899లో బోయరు యుద్ధమున గాంధీజీ సుమారు 1,100 మంది భారతీయులతో చేసినది ఇట్టి సేవయే. వీరెవ్వరును యుద్ధమునుండి పారిపోలేదు. యుద్ధము కోరు ద్వేషమును ఈయక, యుద్ధము కోరు ధైర్యమును మాత్రము ఇచ్చిరి.

ప్రతి సాధకునకును ఇట్టి పరీక్ష ఎదురుకాకపోవచ్చును. అనుమోదితమును గూర్చిన పరీక్ష మాత్రము ప్రతిదినము ఎదురగును. పరజాతిని తూలనాడు మాట తన నోట వెలువడుచున్నదేమో చూచుకొనవలెను. పరుల దుఃఖవార్త విన్నపుడు, వారు ఏ పక్షమువారైనను, ఒక్క నిమిషమైనను వారికై భగవంతుని ప్రార్థింపవలెను. పిల్లలకు వీరగాథలు చెప్పునపుడు, స్త్రీపర్వమున గాంధారి విలపించుటయు, గెలిచిన ధర్మరాజు శాంతిపర్వమున రాజ్యమును విడిచిపోవ సంకల్పించుటయు కలిపి చెప్పవలెను. లేనిచో సగము భారతమే చెప్పినట్లగును. ఇంటను, వీధిని, ఉద్యోగమునను పదునైన మాటకు పదునైన మాట బదులీయక నిలువగలుగుట అభ్యసింపవలెను. అన్నదమ్ములు గట్టుతగవున సంధి చేసికొనజాలనిచోట, దేశములు సంధి చేసికొనవలెనని కోరుట వ్యర్థము. బలమును సంపాదింపవలెను, బలహీనునకు ఈ మార్గము లేదు. సంపాదించిన బలమును ద్వేషమునకు అమ్మివేయరాదు.

అహింసయందు స్థిరపడినవాని సన్నిధిని వైరము తనంతట తాను తొలగునని యోగశాస్త్రము చెప్పుచున్నది. ఇది ఆశీర్వచనము కాదు, నియమము. నిప్పు వేడిమి నిచ్చినట్లే అట్టివాడు శాంతిని ఇచ్చును. ఒక ఊరున అట్టివాడొక్కడున్నను ఆ ఊరి కలహములు చల్లారుట లోకమెరుగును. అట్టివారు పెక్కుమంది అగునంతవరకు ఆయుధములు కొన్ని ఉండవచ్చును, సైన్యములు కొన్ని నిలువవచ్చును. కాని యుద్ధమును ఆపవలసిన తొలిచోటు సరిహద్దు కాదు. శత్రువని పేరిడిన మరియొకని హృదయమందును తన ఇష్టదైవమే కొలువైయున్నదని ఎవ్వడు నిశ్చయముగా గ్రహించునో, ఆ దినమున వానిమట్టునకు కురుక్షేత్రము ముగియును. అట్టి గ్రహణశక్తిని సర్వేశ్వరుడు అందరకును అనుగ్రహించుగాక.

ఓం శాంతిః శాంతిః శాంతిః